నక్షత్ర దోషం

మా ఇంట్లో జాతకాలు చూపించుకునే అలవాటు లేదు. మావారికి నమ్మకం లేదు, నాకు తీరిక లేదు. అయినా మా ఇంటికి ఓసారి నక్షత్ర దోషం పట్టింది. అశ్వని కాదు, భరణి కాదు, మూల అంతకన్నా కాదు. కంప్యూటర్ కీబోర్డు మీద ఎనిమిది అంకె నెత్తిన కూర్చుని వుంటుంది చూడండి, బుల్లి నక్షత్రం, అదీ మాకు పట్టిన దోషం. అదైనా ఒంటరిగా రాలేదు, జంటగా వచ్చింది.

నవ్వకండి. ఆ జంట నక్షత్రాలు మా అమ్మ గొంతు పట్టుకుపోయాయి.

సంగతి మొదట్నించీ చెబుతాను.

2014 భోగి నాడు. మా అబ్బాయి బెంగుళూరు నించి మూడు రోజుల సెలవు మీద వచ్చాడు. మనవడు వచ్చాడని మా అమ్మ కూడా, ఊళ్లోనే వున్న అన్నయ్యగారింటి నించి మా ఇంటికి వచ్చింది. తెల్లవారుజామునే వీధిలో భోగిమంట వేశారు. మావారు అటక మీంచి విరిగిన కుర్చీ, చిరిగిన చాప, ఏదో గుడ్డల మూట తెచ్చి మంటలో వెయ్యబోతున్నారు. అమ్మ గుమ్మంలోంచే కేకేసింది. “అల్లుడుగారూ, ఆగండి! మూట విప్పి చూసి వెయ్యండి.”

ఇది మా అమ్మ పాత పాట. నా చిన్నప్పుడు విజయనగరంలో కూడా అంతే. భోగిమంటలో పడబోయే ప్రతి మూటా విప్పాల్సిందే, ప్రతి పాత చీర కొంగూ తడమాల్సిందే. ఓ ఏడు అలా విప్పిన మూటలో మా నాన్నగారి చేతి గడియారం దొరికింది కూడా. ఈసారి మూటలో మాత్రం చిరుగు గుడ్డలు తప్ప ఇంకేమీ లేవు. అమ్మ ఏమాత్రం చిన్నబుచ్చుకోలేదు. “లేవని తెలిసింది కదా!” అంది.

తలంట్లు అయ్యాక మావాడు కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. “అమ్మా, ఇందులో పదేళ్ల ఫోటోలున్నాయి. డిస్కు పాడైతే మొత్తం గోవిందా. బ్యాకప్ పెడుతున్నా” అన్నాడు.

బ్యాకప్ అంటే మనకేం కొత్త కాదు. ఇంటి తాళంచెవి ఒకటి కొంగుకి ముడేసుకుని, రెండోది పక్కింటావిడ దగ్గర పెట్టడం లేదూ? ఇదీ అంతే. కంప్యూటర్లో వున్నవన్నీ వారానికోసారి, సబ్బుపెట్టె అంత వున్న ఇంకో డిస్కులోకి వాటంతటవే నకలు అవుతాయి. అయితే మొదటి రోజే చిక్కు వచ్చింది. ఆ బుల్లి డిస్కులో అన్నిటికీ చోటు చాలలేదు. కంప్యూటర్లో వుండే ప్రోగ్రాములు పని చేసేటప్పుడు ‘టెంప్’ అనే పేరుతో చిత్తుకాగితాల్లాంటి ఫైళ్లు గుట్టలుగా పడేస్తాయిట. తాత్కాలికం అన్నమాటకి ఇంగ్లీషు మాట తాలూకు మొదటి నాలుగు అక్షరాలు: టీ, ఈ, ఎమ్, పీ.

“ఆ చెత్తకి కూడా నకలెందుకు? భోగి కదా, మంటలో వేసేద్దాం” అంటూ మావాడు ‘నకలు చెయ్యక్కర్లేనివి’ అన్న గడిలో ఒక నక్షత్రం, ఆ నాలుగక్షరాలు, మళ్లీ ఒక నక్షత్రం కొట్టాడు. నేను పక్కనే వున్నాను. అవి నాకు ముగ్గులో చుక్కల్లా ముచ్చటగా కనిపించాయి.

మంట అన్నమాట వినబడి కాబోలు, వెనకనించి అమ్మ, “ఏవిట్రా వేసేస్తున్నావు? విప్పి చూసి వెయ్యి నాన్నా” అంది.

“ఇది కంప్యూటర్ అమ్మమ్మా! అదే చూసుకుంటుంది” అని నవ్వాడు మావాడు. మేమూ నవ్వాం.

అప్పట్నించీ ప్రతి ఆదివారం రాత్రీ బ్యాకప్ అయ్యేది. ‘విజయవంతంగా పూర్తయింది, తప్పులు సున్న’ అని తెర మీద వచ్చేది. మావారు బ్యాంకులో ముప్ఫయ్యేళ్లు లెక్కలు సరిచూసిన మనిషి. తప్పులు సున్న అని చూస్తే గాని ఆయనకి నిద్ర పట్టేది కాదు.

2015 కార్తీకంలో అమ్మని తీసుకుని సింహాచలం వెళ్లాం. దర్శనమయ్యాక బయట మెట్ల మీద కూర్చుని అమ్మ కళ్లజోడు తుడుచుకుంటుంటే మావారు తన కెమెరాతో ఫోటో తీశారు. కిందకి వచ్చాక అమ్మ కొబ్బరికాయల అబ్బాయితో బేరం పెట్టుకుంది. మావారు అదీ వీడియో తీశారు. అంతా కలిపి నలభై సెకన్లుంటుందేమో. “ఏం నాయనా, ఇది కొబ్బరికాయా, బంగారమా? ఊపి చూపించు, నీళ్లున్నాయో లేవో!” అని గద్దించడం, వాడు నవ్వేసి ఇంకోటి అందివ్వడం, “ఇదిగో, ఇలా ముందే ఇవ్వచ్చు కదా!” అని అమ్మ గెలిచినట్టు మా వంక తిరగడం. ఇంటికొచ్చి మావారు అన్నీ కంప్యూటర్లో వేసి, ఫోల్డరుకి శుభ్రంగా పేరు పెట్టి, కెమెరా కార్డు తుడిచేశారు.

2016లో అమ్మ పోయింది. ఆ ఫోల్డరు తెరవడానికి చాలా రోజులు నాకు మనసు రాలేదు. ఎక్కడికి పోతుంది, వుంటుంది కదా అనుకున్నాను. అందులోనూ రెండు చోట్ల!

2019 వేసవిలో కంప్యూటర్లోంచి టక్ టక్ మని చప్పుడు మొదలైంది. రెండు రోజులు కొట్టుకుని మూడోనాడు ఆగిపోయింది. రిపేరు కుర్రాడు డిస్కు చెవి దగ్గర పెట్టుకుని విని పెదవి విరిచాడు. మేం కంగారు పడలేదు. సబ్బుపెట్టె వుందిగా! కొత్త డిస్కు వేయించి, అందులోంచి అన్నీ వెనక్కి తెచ్చుకున్నాం. అరకు వచ్చింది. మావాడి ఒడుగు వచ్చింది. ఏడేళ్ల కిందటి కరెంటు బిల్లు వచ్చింది. కటకం మీద మావారి వేలు అడ్డంపడి మొత్తం ఎర్రగా వున్న ఫోటోలు పద్నాలుగు, అవీ చెక్కుచెదరకుండా వచ్చాయి.

సింహాచలం రాలేదు.

అన్నవరమూ లేదు. అరసవల్లీ లేదు. ద్రాక్షారామమూ లేదు. “దేవుళ్లందరూ మనమీద అలిగినట్టున్నారు. నువ్వేదో మొక్కు మర్చిపోయావు” అన్నారు మావారు. జాతకాలు నమ్మని మనిషే! కానీ వినాయక చవితి ఫోటోలు వచ్చాయి, సత్యనారాయణ వ్రతం వచ్చింది. మరి వీళ్లు దేవుళ్లు కారా? మావాడికి ఫోన్ చేస్తే, “తప్పులు సున్న అని వచ్చిందిగా అమ్మా, పోవడానికి వీల్లేదు. ఇంకోసారి వెతుకు” అన్నాడు.

వెతికి వెతికి విసుగెత్తి ఓ మధ్యాహ్నం పాత క్యాలెండర్ కాగితం వెనకవైపు, చాకలిపద్దు రాసినట్టు, పోయినవన్నీ ఒక వరసలో, వచ్చినవన్నీ ఒక వరసలో రాసుకున్నాను. అప్పుడు రెండు విడ్డూరాలు కనిపించాయి. మొదటిది, గుళ్లలో శ్రీకూర్మం ఒక్కటీ వచ్చింది. దానికి పేరు పెట్టింది నేను. ‘శ్రీకూర్మం కోవెల’ అని ఇంగ్లీషు అక్షరాల్లో రాశాను. మిగిలిన గుళ్లకి మావారు పేరు పెట్టారు, ప్రతిదానికీ చివర ‘టెంపుల్’ అని తగిలించి. రెండోది, పోయినవాటిలో గుడికి సంబంధం లేనిది ఒకటుంది. మా మామగారు ఆస్పత్రిలో వున్నప్పుడు మావారు రోజూ రాసిన జ్వరం పట్టిక. దాని పేరు ‘టెంపరేచర్’.

టెంపుల్ కింద టెంపరేచర్ రాసి చూశాను. మొదటి నాలుగు అక్షరాలూ ఒకటే. టీ, ఈ, ఎమ్, పీ. భోగి నాటి ముగ్గుచుక్కలు కళ్ల ముందు కదిలాయి.

మావాడికి వీడియోలో ఫోన్ చేసి కాగితం చూపించాను. వాడు కాసేపు మాట్లాడలేదు. తరవాత మెల్లిగా, “అమ్మా, నేనే చేశాను. అమ్మమ్మ విప్పి చూడమంది” అన్నాడు. ఆ మాట నేను అనలేదు. వాడే అన్నాడు.

ఆ శనివారం బస్సెక్కి వచ్చేశాడు. ఆ రోజు నాకు నక్షత్రం అంటే ఏవిటో పూర్తిగా బోధపడింది. మీకూ పనికొస్తుంది, వినండి. పేర్లని పోల్చి చూసే ఈ పద్ధతిలో నక్షత్రం అంటే ‘ఇక్కడ ఏ అక్షరాలైనా, ఎన్నైనా వుండచ్చు, అసలు లేకపోయినా సరే’ అని. ప్రశ్న గుర్తు అంటే ‘ఏదో ఒక్క అక్షరం, కచ్చితంగా ఒక్కటే’ అని. పేరంటానికి పిలుస్తూ “మీ ఇంట్లో ఎంతమంది వుంటే అంతమందీ రండి, వీలు కాకపోతే మానెయ్యండి” అంటే అది నక్షత్రం. “మీరొక్కరే రండి” అంటే ప్రశ్న గుర్తు. మావాడు టెంప్ కి ముందొక నక్షత్రం, వెనకొక నక్షత్రం పెట్టాడు. అంటే పేరులో ఎక్కడ ఆ నాలుగక్షరాలు వరసగా కనబడినా మంటలోకే. టెంపుల్ లో వున్నాయి, టెంపరేచర్ లో వున్నాయి, ప్రయత్నం అనే అర్థంలో అటెంప్ట్ అంటామే, దాని నడుమ కూడా వున్నాయి. ఆ ఫోల్డరులో ఫోటోల పేర్లలో ఆ అక్షరాలు లేకపోవచ్చు. కానీ వాకిలి దగ్గరే వద్దన్నాక లోపల ఎవరున్నారో అది తొంగి చూడదు. గదిమొత్తం వదిలేసి వెళ్లిపోతుంది.

“మరి తప్పులు సున్న అన్నదే?” అన్నారు మావారు, మోసపోయిన మొహంతో.

“తప్పేముంది నాన్నా? వద్దన్నవి వదిలేసింది. అది చెప్పిన పని చెప్పినట్టు చేసింది. అనుకున్న పని వేరు, చెప్పిన పని వేరు.”

నాకు వెంటనే మా పనమ్మాయి గుర్తొచ్చింది. ఓసారి “అలమరలో పాతవి పారెయ్యి” అని చెప్పి బజారుకెళ్లాను. వచ్చేసరికి పాత చింతకాయ పచ్చడి జాడీ కడిగి బోర్లించి వుంది. అదేం తప్పు చేసిందని కోప్పడను?

ఇంకో విచిత్రం విన్నారా? విండోస్ వాడే మాలాంటి వాళ్ల కంప్యూటర్లో పేర్లకి పెద్ద అక్షరం, చిన్న అక్షరం ఒకటే. లినక్స్ అని ఇంకో రకం వుంది, అందులో రెండూ వేరువేరు. అదే అయితే, మావారు పెద్ద టీ తో రాసుకున్న గుళ్లన్నీ చిన్న టీ మంటలో పడకుండా బతికిపోయేవిట. ఇక ఈ నక్షత్రం ఇవాళ పుట్టింది కాదు. అమెరికాలో బెల్ ల్యాబ్స్ వాళ్ల యూనిక్స్ తొలి రోజుల్లో, 1970ల మొదట్లోనే, ఈ నక్షత్రానికి అర్థం విప్పి చెప్పడానికి ‘గ్లాబ్’ అని ఓ చిన్న ప్రోగ్రాం వుండేది. గ్లోబల్ అన్న మాటని పొట్టిగా అలా పిలిచారు. అంటే నాకూ దానికీ వయసులో పెద్ద తేడా లేదు. కాకపోతే అది ఇంకా చురుగ్గా పని చేస్తోంది.

నన్ను ఓదార్చడానికో, తనని తాను ఓదార్చుకోడానికో, మావాడు ఓ కథ చెప్పాడు. చిన్నప్పుడు వాడు కళ్లార్పకుండా చూసిన ‘టాయ్ స్టోరీ 2’ అనే బొమ్మల సినిమా కథ. కాలిఫోర్నియాలో పిక్సార్ వాళ్లు తీస్తున్నారు. 1998లో ఎవరో చెరిపెయ్యమని ఓ ఆజ్ఞ ఇచ్చి పక్కన నక్షత్రం పెట్టారు. ఎక్కడ నిలబడి ఇచ్చారో చూసుకోలేదు. తెర మీద సినిమాలో బొమ్మలు ఒక్కొక్కటే మాయమైపోవడం మొదలైంది. పరిగెత్తుకెళ్లి యంత్రాల వైరు పీకేశారు గాని అప్పటికే సినిమాలో చాలా భాగం తుడిచిపెట్టుకుపోయింది. సరే, బ్యాకప్ వుందిగా అనుకుంటే, అది దాదాపు నెల రోజులుగా సరిగ్గా పని చెయ్యడం లేదు! అంత పెద్ద వాళ్లకే!

అప్పుడు గేలిన్ సుస్మాన్ అనే ఆవిడ, ఆ సినిమాకి సాంకేతిక దర్శకురాలు, “మా ఇంట్లో ఒక నకలు వుందేమో” అంది. ఆవిడ అప్పటికి కొన్నాళ్ల కిందటే పురుడు పోసుకుంది. పసిబిడ్డతో ఇంట్లోంచే పని చేసుకోడానికి సినిమా అంతా తన కంప్యూటర్లో పెట్టుకుంది. ఆ కంప్యూటర్ని దుప్పట్లలో చుట్టి, కారు వెనకసీట్లో పడుకోబెట్టి, నెమ్మదిగా నడుపుకుంటూ తీసుకెళ్లారు. సినిమా బతికింది. 1999లో విడుదలైంది.

కథ విని మావారు పిక్సార్ వాళ్ల నిర్లక్ష్యాన్ని తప్పుబడుతున్నారు. నేను మాత్రం దుప్పట్ల దగ్గరే ఆగిపోయాను. పసిబిడ్డ తల్లి కాబట్టి ఆవిడ ఇంట్లో నకలుంది. మరి మన సింహాచలం ఇంకెవరింట్లోనైనా వుందా?

మా వదినకి ఫోన్ చేశాను. “వదినా, సింహాచలం ఫోటోలు నీకేమైనా ఇచ్చానా?”

“అదేవిటే, సీడీలో వేసివ్వమని నేను వారం రోజులు నీ ప్రాణం తియ్యలా? ‘చూసినవేగా, మళ్లీ ఎందుకు’ అని సణుక్కుంటూ ఇచ్చావు. ఎక్కడో వుంది వుండు.”

పట్టుచీరల మడతల్లోంచి తీసింది. నాఫ్తలిన్ వుండల వాసన కొడుతూ సీడీ వచ్చింది. మీద గీతలు పడి వున్నాయి. మావాడు పెట్టిన కంప్యూటర్ ఓ పట్టాన చదవలేదు. అరగంట గిర్రున తిరిగి, అరవై ఒక్క ఫోటోల్లో యాభై ఏడు ఇచ్చింది. మెట్ల మీద కళ్లజోడు తుడుచుకుంటున్న అమ్మ వచ్చింది. కళ్లజోడు లేని మొహం, ఎవరో పిలిచినట్టు కొంచెం తల ఎత్తి.

వీడియో లేదు. వదిన ఫోటోలు అడిగింది, నేను ఫోటోలే వేసిచ్చాను. చెప్పిన పని చెప్పినట్టు చేశాను. కంప్యూటర్ని ఏమని అంటాను?

అమ్మ గొంతు వున్నది అదొక్కటే. ఫోన్లో ఎన్ని వేలసార్లు మాట్లాడుకున్నామో, ఒక్కటీ దాచుకోవాలని తోచలేదు. “ఊపి చూపించు, నీళ్లున్నాయో లేవో” అన్న మాటలు నాకు జ్ఞాపకం వున్నాయి కాబట్టి ఇక్కడ రాయగలిగాను. ఆ విరుపు మాత్రం ఎలా రాయను?

ఆ సాయంత్రం ముగ్గురం కూర్చుని బ్యాకప్ ని కొత్తగా పెట్టుకున్నాం. పెద్ద డిస్కు కొన్నాం, చోటుకి కక్కుర్తి పడద్దని. మంటలో వెయ్యాల్సినవి నక్షత్రాలతో చెప్పకుండా ఎక్కడ వున్నాయో పూర్తి చిరునామాతో చెప్పాం, ‘ఫలానా గదిలో ఫలానా మూల టెంప్ అని మాత్రమే పేరున్న ఫోల్డరు’ అని. ఇంకో మంచి సదుపాయం కూడా వుందిట. నిజంగా నకలు తీసే ముందు ఉత్తుత్తిగా ఒకసారి నడిపిస్తే, ఏవి తీసుకుంటుందో, ఏవి వదిలేస్తుందో జాబితా ఇస్తుంది. చాలా బ్యాకప్ ప్రోగ్రాముల్లో వుంటుంది, మీ వాళ్లని అడిగి చూడండి. ఆ వదిలేసేవాటి జాబితా నాకు చదివి వినిపించాకే మావాడు మీట నొక్కాడు.

అంతా అయ్యాక మావారికి ఓ సలహా తట్టింది. “పేరులో ‘ఓల్డ్’ అని వున్నవి కూడా వదిలెయ్యమందాం. పాతవి ఎందుకు, దండగ? ముందొక నక్షత్రం, వెనకొక నక్షత్రం...”

“ఆగండి!” అన్నాను. అచ్చం మా అమ్మలా వినబడింది నాకే. “నా నగల తూకాలు రాసిన ఫైలు పేరేవిటి? గోల్డ్. అందులో ఓల్డ్ లేదూ? మీ ఇంటి ఖర్చుల పద్దు హౌస్ హోల్డ్, అందులో లేదూ? అంతెందుకు, మీరు బద్ధకించి పేరు పెట్టకుండా వదిలేసినవన్నీ ‘న్యూ ఫోల్డర్’ కదా? ఫోల్డర్ అన్న మాటలోనే ఓల్డ్ వుంది, అక్షరాలు కూడబలుక్కుని చూడండి!”

మావారు వేళ్ల మీద కూడబలుక్కున్నారు. మావాడు కుర్చీలోంచి లేచి నాకు దణ్ణం పెట్టాడు. వాడి కంపెనీలో ఉద్యోగం ఇప్పిస్తానన్నాడు గాని, ఇంట్లో ఎవరు చూస్తారని నేనే వద్దన్నాను.

ఇప్పుడు మా ఇంట్లో ఓ కొత్త ఆనవాయితీ వచ్చింది. సింహాద్రి అప్పన్నకి ఏడాది పొడుగునా చందనం పూత వుంటుంది. వైశాఖ శుద్ధ తదియ నాడు ఒక్కరోజే పూత ఒలిచి నిజరూపం చూపిస్తారు. ఆ రోజు జనంలో కొండెక్కే ఓపిక ఇప్పుడు మాకు లేదు. అందుకని పానకం కలిపి నైవేద్యం పెట్టాక, నేను సబ్బుపెట్టె దించి కంప్యూటర్ కి తగిలిస్తాను. తప్పులు సున్న అన్నమాట చూసి వూరుకోను. ఒక్కో ఫోల్డరూ తెరిచి, లోపలున్నది నిజంగా వుందో లేదో చూస్తాను. మావారు పక్కన కుర్చీ వేసుకుని, బ్యాంకులో ఇన్స్పెక్షన్ కి వచ్చినట్టు కూర్చుంటారు. మధ్యాహ్నమంతా పడుతుంది.

సింహాచలం ఫోల్డరు చివరికి వుంచుతాను. యాభై ఏడూ లెక్కపెడతాను. మెట్ల మీద అమ్మ ఇంకా కళ్లజోడు తుడుచుకుంటూనే వుంటుంది.